వరద జమేదారు కొలువు

రెవెన్యూ గిర్దావరు శ్రీధర్‌రావు ధర్మపురిలో భూమన్న హోటలుకు వచ్చి బల్ల మీద కూర్చున్నాడంటే, అది చాయ్ కోసం కాదని ఊరిలో అందరికీ తెలుసు. అంతకన్న మంచి చాయ్ ఆయన ఇంట్లోనే దొరుకుతుంది. గోదావరి ఒడ్డున ఉన్న కింది వాడను కనిపెట్టుకొని ఉండి, నది పొంగినప్పుడు అక్కడి జనాన్ని గడ్డ మీది బడికి చేర్చగల మనిషినొకణ్ణి వానకాలం ముదరక ముందే ఎంచి పంపుమని ఆయనకు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కాగితం మీద ఆ కొలువు పేరు చాలా పొడుగ్గా ఉండేది. ఊరివాళ్ళు దానిని తమకు నోరు తిరిగేటట్లు కత్తిరించి వరద జమేదారు అన్నారు. నెలజీతం, ఒక గొడుగు, ఒక టార్చిలైటు, వీటన్నిటినీ మించి, ఆపద వేళ ఊరు ఊరంతా తన మాట వినవలసిన హోదా ఆ కొలువులో ఉన్నాయి.

బల్ల చివర ఒదిగి కూర్చున్న కైలాసం, అది తనకే రావాలని ఎప్పుడో తీర్మానించుకొన్నాడు. గోదావరిఖని దిక్కున ఒక బొగ్గుబాయిలో అతడు రెస్క్యూ మనిషి. బాయిలో పొగ లేచినప్పుడు, గాలి విషమైనప్పుడు అందరూ పైకి పరుగెత్తి వస్తుంటే కిందికి దిగవలసినవాళ్ళు కొందరుంటారు. ఆ కొందరిలో అతడొకడు. పని అంటే అతనికి భయం లేదు. కాని వయసు నలభైకి దగ్గరపడుతున్నకొద్దీ, పొద్దు పొడవడమూ పొద్దు గూకడమూ రెండూ కళ్ళారా చూడగల పని ఒకటి దొరికితే బాగుండుననిపించసాగింది. భార్య రాజవ్వ పుట్టిల్లు ఈ ఊరే. ఆపదలో ఉన్న మనుషులను బయటికి తేవడమే తన విద్య అయినప్పుడు, ఆ విద్య నేల కింద అక్కరకు వచ్చినట్లే నేల మీద కూడా రావాలి గదా అన్నది అతని తర్కం. ఆ తర్కంలో లోపమేమీ లేదు. లోపమంతా ఎదురు బల్ల మీద కూర్చుని ఉంది.

ఎదురు బల్ల మీద కూర్చున్నవాడు హనుమండ్లు. రాజవ్వ అక్క సత్తమ్మకు మగడు. అంటే కైలాసానికి వరుసకు అన్న, ఆ ఊరి మాటలో సడ్డకుడు. ఆ కొలువుకు పోటీదారు కూడా అతడే. హనుమండ్లు పట్టని పని లేదు, పట్టిన పనిలో నిలిచింది లేదు. సత్తమ్మ చేట ముందు పెట్టుకొని పగలంతా బీడీలు చుడితేనే ఆ ఇంట్లో పొయ్యి రాజుకొనేది. అయినా అత్తవారింట ఇద్దరల్లుళ్ళూ కలిసిన నాడు పిల్లలందరూ పెద్దబాపూ అంటూ హనుమండ్లు చుట్టూ మూగేవాళ్ళు. వాళ్ళలో కైలాసం సొంత పిల్లలు కూడా ఉండేవాళ్ళు. బావ మాటలకు రాజవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వేది. తనతో కాపురం చేసిన ఇన్నేళ్ళలో ఆమెకు కొంగు నోటికి అడ్డం పెట్టుకోవలసిన అవసరం ఒక్కనాడూ కలగలేదన్న సంగతి కైలాసానికి తెలుసు. దాన్ని అతడు ఎవరితోనూ అనలేదు. అనడం అతనికి చేతకాదు కూడా.

ఆపద వేళ పని చేసిన అనుభవం మీకేముందో చెప్పండని గిర్దావరు మర్యాదగా అడిగాడు. మొదట కైలాసం వైపు తిరిగాడు.

"బాయిల చేస్తున్న సారూ. రెస్క్యూల" అన్నాడు కైలాసం. చెప్పవలసినదంతా చెప్పేశాననుకొని చాయ్ ఊదుకోసాగాడు. గిర్దావరు కాసేపు ఎదురుచూసి, ఇక రాదని తేలిన తరువాత రెండో బల్ల వైపు తిరిగాడు.

హనుమండ్లు గ్లాసు పక్కన పెట్టి, పంచె సవరించుకొని, గొంతు తగ్గించాడు.

"నాదేమున్నది సారూ, చిన్న ముచ్చట."

జగిత్యాల అంగడిలో కూరగాయల గంపలు మోసే రోజుల్లో, అక్కడి బావిలో ఒక దూడ పడిందట. జనమంతా ఒడ్డున నిలబడి అయ్యో అయ్యో అంటున్నారట. తాను నెత్తి మీది రుమాలు విప్పి కిందికి వదిలి, దూడ నడుముకు ఉచ్చు వేసి పైకి లాగాడట. ఇంతవరకు నిజమే అయి ఉండవచ్చు. దూడ చిన్నది కావచ్చు, బావి నిండుగా ఉండవచ్చు.

"దూడనా? మొన్న బర్రె అన్నట్టున్నవు" అని భూమన్న పొయ్యి దగ్గరి నుంచి అందించాడు.

"రెండూ నిజమే. పడ్డప్పుడు దూడనే. నేను పైకి గుంజేటాళ్ళకు బర్రె అయింది. గంత లోతు బాయి అది."

గిర్దావరు నవ్వును గ్లాసు వెనుక దాచుకొన్నాడు. బయట పోతున్నవాళ్ళు ఒకరిద్దరు ఆగారు. హనుమండ్లు వాళ్ళను ఓరకంట చూసి గొంతు కాస్త పెంచాడు. ఆ సమయానికి అంగడిలో ఎవరున్నారని? ఆదిలాబాదు నుంచి వచ్చిన అగ్నిమాపక దళం అధికారి ఒకాయన. రుమాలుతో బర్రెను తీసిన చేతులు కూరగాయలు మోయడానికి పుట్టలేదని, అక్కడికక్కడే చేయి పట్టుకొని బండి ఎక్కించుకొన్నాడట.

"గందుకే మా పోరగాండ్లకు చెప్త సారూ. పనిని మనం ఎతకొద్దు. పనే మనల్ని ఎతుక్కుంట రావాలె."

ఆదిలాబాదులో ఒక పత్తి మిల్లు అంటుకొన్న కథ అప్పుడు వచ్చింది. మంట పక్క ఊరిదాకా కనబడిందట. అక్కడివాళ్ళు తెల్లవారిందనుకొని ఎడ్లు కట్టారట. బండిలో నీళ్ళు అయిపోయాయి. అధికారి చేతులెత్తేశాడు. అప్పుడు హనుమండ్లు ఒక్కడే మంటకు ఎదురుగా నడిచి పోయి, ఆగుమని గద్దించాడు. మంట ఆగలేదు.

"గప్పుడేమైందో ఎరికేనా? నాకు సమజైంది. ఇది ఆదిలాబాద్ మంట. దీనికి తెలుగు ఏడ తెలుస్తది? మరాఠీల అన్న, థాంబ్ అని. బరాబర్ ఆగింది సారూ. ఎక్కడిదక్కడ్నే. బొమ్మ లెక్క నిలబడ్డది. మెల్లగ పోయి ఊదిన."

జనం పెరిగారు. కింది వాడ నుంచి ఆడవాళ్ళు చంకన పిల్లలతో వచ్చి వాకిట్లో నిలిచారు. ముసలి దేవవ్వ పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చినట్లుంది, చేతిలో గంటె అట్లాగే ఉంది. కైలాసం అదంతా చూస్తున్నాడు. తాను ఈ ఊరికి వచ్చిన నాడు, ఎప్పుడొచ్చినవు, ఎప్పుడు పోతవు అన్న రెండు మాటలు తప్ప మూడో మాట అడగడానికి ఆగని మనుషులు వీళ్ళు.

మరి అంత మంచి కొలువు ఎందుకు వదిలావని గిర్దావరు అడిగాడు. హనుమండ్లు ముఖం దిగాలుగా పెట్టాడు. తాను చేరిన నాటి నుంచి ఆదిలాబాదు జిల్లాలో ఒక్క మంటకు కూడా లేచే ధైర్యం లేకపోయిందట. దళం వాళ్ళంతా ఖాళీగా కూర్చున్నారట. నువ్వు ఇక్కడుంటే మా కొలువులు పోతాయి, మా పిల్లల ముఖం చూడుమని అధికారి చేతులు పట్టుకొంటే, జాలిపడి వచ్చేశాడట.

"గట్ల ఇంటికొచ్చి కూసున్ననో లేదో, వాకిట్ల జీపు. బొగ్గుబాయోళ్ళు. మాఘమాసంల బాయిల పొగ లేసింది."

కైలాసం చేతిలోని గ్లాసు పెదవుల దాకా వచ్చి ఆగింది.

మాఘమాసంలో బాయిలో పొగ లేచింది నిజమే. దిగింది హనుమండ్లు కాదు, కైలాసం. మొన్నటి పండుగకు అత్తవారింట కల్లు తాగి, జీవితంలో మొదటిసారి మాట్లాడాలనిపించి, ఆ ముచ్చట అతడే హనుమండ్లుకు చెప్పాడు. బాయిల పొగ లేసింది. పిట్ట పడ్డది. ఇద్దరు గోడకు ఆనుకొని కూసున్నరు. తెచ్చినం. అంతే. అతడు ఒక్క విడతలో మాట్లాడిన మాటల్లో అవే అత్యధికం. చెప్పిన తరువాత గుండె తేలికపడి నిద్రపోయాడు కూడా. ఇప్పుడా మాటలు తన కళ్ళ ముందే ఇంకొకరి నోట మేసి బలిసి తిరుగుతున్నాయి.

"పొగ అంటె గిట్ల గట్ల గాదు. భుజం మీది తువ్వాల తీసి పొగ మీద ఆరేసిన. మళ్ళొచ్చేదాక ఆన్నే ఉన్నది."

గోడకు ఆనుకొన్న ఇద్దరు ఒక షిఫ్టు జనమయ్యారు. హనుమండ్లు పొగలో నడుచుకొంటూ పోయి, ఒక్కొక్కరి పేరు, ఇంటిపేరు, ఎవరి అల్లుడో అడిగి తెలుసుకొన్నాడట. ఏడ్చినవాణ్ణి ఊరడించాడట. బీడీ అడిగినవాణ్ణి మందలించి, పైకి వచ్చినంక ఇస్తా, మా సత్తమ్మ చుట్టింది ఉందని ఆశ పెట్టాడట. వాళ్ళ గుండె చెదరకుండా పాత ముచ్చట్లు చెప్పుకొంటూ, చేతులు చేతులు పట్టించి నడిపించాడట. మధ్యలో బాయి కప్పు కుంగడం మొదలయితే నెత్తి ఆనించి అందరూ దాటిందాకా మోశాడట. నమ్మకం లేనివాళ్ళు చూడండని బట్టతల వంచి చూపించాడు. వెంట్రుకలు అక్కడే పోయాయట.

"పైనుంచి మేనేజరు ఫోన్ల ఒకటే ఏడుపు. నేనన్న, సారూ, జర ఊకోండ్రి, మీరు ఏడిస్తె ఫోన్లకెల్లి నీళ్ళు కారుతున్నయి, కాళ్ళు జారుతున్నయి అని."

గిర్దావరు ఈసారి నవ్వును దాచుకోలేదు. ఆయన చాయ్ మీద మీగడ కట్టింది. కొలువుకు మనిషి దొరికాడన్న నిశ్చింత ఆ ముఖం మీద స్పష్టంగా కనిపిస్తున్నది. అది చూసి కైలాసానికి మంట పుట్టింది. మంటకు కారణం కొలువు ఒక్కటే అయి ఉంటే ఓర్చుకొనేవాడేమో. కాని ఆ మేనేజరును తానెరుగును, ఆ సొరంగాన్ని ఎరుగును, ఆ ఇద్దరి చేతులూ తన భుజాల మీద పడిన బరువును ఎరుగును. అవన్నీ తనకు జరిగినప్పటికంటే ఇప్పుడే ఎక్కువ బాగున్నాయి. తన బతుకు తన దగ్గర కంటే వీడి నోట్లో ఎక్కువ సొగసుగా ఉండడమే అతడు ఓర్వలేకపోయాడు.

"మనుషులంతా పైకి వచ్చిండ్రు. గప్పుడు యాదికొచ్చింది సారూ, పిట్ట."

రెస్క్యూ వాళ్ళు పంజరంలో చిన్న పిట్టను పట్టుకొని దిగుతారని, గాలిలో విషముంటే మనిషికి తెలియక ముందే అది పడిపోతుందని, పిట్ట పడిందంటే మనిషి జాగ్రత్తపడాలని హనుమండ్లు వివరించాడు. ఇంత మందిని కాపాడిన ప్రాణం కింద ఉండగా తాను పైన గాలి పీలుస్తూ నిలబడగలడా? మేనేజరు కాళ్ళకు అడ్డం పడ్డా వినక ఒక్కడే తిరిగి దిగాడట. పంజరంలో పిట్ట కాళ్ళు పైకి పెట్టి పడి ఉందట. అరచేతిలోకి తీసుకొని, దాని చెవిలో మెల్లగా, లే బిడ్డా, డ్యూటీ అయిపోయింది, ఇంటికి పోదామన్నాడట.

"పిట్ట కండ్లు తెరిచింది. నా దిక్కు చూసింది. ముక్కు తెరిచింది. గప్పుడేమైందో ఎరికేనా?"

దేవవ్వ గంటె గాలిలో నిలిచిపోయింది. కైలాసం తన మెడ కూడా ముందుకు సాగి ఉండడం అప్పుడు గమనించాడు. ఆ పంజరం మోసింది తానే. ఆ పిట్ట మళ్ళీ లేవలేదని, దాన్ని చేతిరుమాలులో చుట్టి పైకి తెచ్చి, ఎవరికీ చెప్పకుండా వేపచెట్టు కింద పూడ్చింది తానేనని అతనికి తెలుసు. అంత తెలిసీ, ఆ తరువాత ఏమైందో వినాలని అతని ప్రాణం కొట్టుకొంటున్నది. ఇక భరించలేకపోయాడు.

"అన్నా" అన్నాడు. "గా పొగల నువ్వు అందరితోని మాట్లాడినవు గదా. నోట్లె గొట్టం ఏడ పెట్టినవు?"

హనుమండ్లు తల తిప్పాడు. "ఏం గొట్టం తమ్మీ?"

అంతే. ఆ ఒక్క మాటతో అయిపోయింది. పొయ్యి దగ్గర భూమన్న నవ్వు మొదలుపెట్టాడు. అతని బావమరిది బాయిలోనే పని చేస్తాడు. తెలియనివాళ్ళకు భూమన్నే చెప్పాడు. రెస్క్యూ వాళ్ళు వీపుకు గాలిపెట్టె కట్టుకొంటారు. దాని గొట్టాన్ని పళ్ళతో కరిచి పట్టుకొని, ముక్కుకు క్లిప్పు బిగించుకొని పొగలోకి దిగుతారు. ఒక్క మాట కోసం నోరు తెరిచినా లోపలికి పోయేది విషమే. అందుకే కింద ఎవరూ మాట్లాడరు, నడుముకు కట్టుకొన్న చిన్న రబ్బరు హారనును చేత్తో నొక్కుతారు. పండుగనాడు కైలాసం ఈ సంగతి చెప్పలేదు. అన్నం తిన్నానని చెప్పేవాడు చేయి ఉందని వేరే చెప్పడు గదా.

"ఫోన్లగూడ మాట్లాడె" అని ఎవరో అన్నారు.

"సత్తమ్మ బీడీ గూడ ఇస్తనన్నడు" అని ఇంకొకరు.

వాకిలంతా నవ్వులతో నిండింది. హనుమండ్లు ఖాళీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. కైలాసం జీవితంలో అంత తృప్తి ఎన్నడూ ఎరుగడు. గిర్దావరు నిట్టూర్చి అతని వైపు తిరిగాడు.

"అయితే దిగింది నువ్వేనన్నమాట. నువ్వే చెప్పు కైలాసం. అసలేం జరిగింది?"

అందరి కళ్ళూ తన మీదికి వచ్చాయి. ఇన్నేళ్ళుగా అతడు కోరుకొన్నది అదే. కైలాసం గొంతు సవరించుకొన్నాడు.

"బాయిల పొగ లేసింది. పిట్ట పడ్డది. ఇద్దరు గోడకు ఆనుకొని కూసున్నరు. తెచ్చినం."

అందరూ ఎదురుచూశారు.

"ఆ తర్వాత?" అన్నాడు భూమన్న, సాయం చేయబోతూ.

"తర్వాత ఇంటికి పోయిన."

వాకిట్లోవాళ్ళు ఒకరొకరుగా కదలసాగారు. గిర్దావరు వెళ్ళేవాళ్ళ వీపులు చూస్తూ తన గోడు వెళ్ళబోసుకొన్నాడు. పడవలకు కొదవ లేదు, గోదావరిని ఎరిగిన బెస్తవాళ్ళు ఉన్నారు, ఈదేవాళ్ళు ఉన్నారు. లేనిదల్లా జనాన్ని ఇళ్ళలోంచి కదిలించే మనిషి. కిందటి వరదకు డప్పు కొట్టించాడు, గడప గడపకు తిరిగి మొక్కాడు. ఏటా వస్తది, పోతది సారూ అన్నారు. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చినా, ఈ దేవవ్వ ఒడిలో కోడిని పెట్టుకొని వడ్ల గుమ్మి మీదెక్కి కూర్చుంది. నలుగురు పట్టి దింపుతుంటే నలుగురినీ తిట్టింది. అటువంటి జనం ముందు ఈ హనుమండ్లు మాట నిలుస్తుందనుకొన్నాను, ఇప్పుడు ఈయన చెప్తే ఎవరు నమ్ముతారు అని ఆయన బాధ.

మెట్టు దిగబోతున్న దేవవ్వ వెనుదిరిగింది.

"ఇప్పుడు మా వాడల ఎవలున్నరో చూసి రా సారూ. కుక్కలు గూడ లెవ్వు. ఈయిన చెప్పేది అబద్ధమని మాకు ఎరికలేదా? దూడ బర్రె అయినప్పుడే ఎరికైంది. అయినా పొయ్యి మీద కూర ఇడిశిపెట్టి వచ్చిన. నీ డప్పుకు ఎన్నడన్న గిట్ల వచ్చిన్నా?"

గిర్దావరు ఆమె చేతిలోని గంటెను చాలాసేపు చూశాడు. ఆమె చెప్పినట్లే కింది వాడ వైపు నుంచి మాడిన వంకాయ కూర వాసన వస్తున్నది. మరునాడు పైకి పోయిన పేరు హనుమండ్లుది.

కైలాసం గోదావరిఖని బస్సెక్కాడు. తాను చెప్పిన దాంట్లో అక్షరం అబద్ధం లేదు, అడిగిన ప్రశ్నలో వంక లేదు. అయినా గొడుగూ టార్చిలైటూ అబద్ధికుడికే పోయాయి. బాయిలో అభ్యాసపు రోజున గొట్టం పళ్ళతో కరిచి పట్టినప్పుడు, ఆ తర్వాత అని ఎవరూ అడగని చోటు లోకంలో ఇదొక్కటే కాబోలు, తనకు తగిన కొలువు కూడా ఇదేనేమో అనుకొన్నాడు. కాని మనసు కుదుటపడలేదు. పిట్ట ముక్కు తెరిచి ఏం చేసిందో హనుమండ్లు ఆనాడు చెప్పనే లేదు.

శ్రావణంలో గోదావరి వచ్చింది. కబురు తెలిసి కైలాసం సెలవు పెట్టి బయలుదేరి వచ్చేసరికి కింది వాడ వీధుల్లో పడవలు తిరుగుతున్నాయి. అతడు బెస్తవాళ్ళ పడవలో చేరి, మంచాన పడ్డవాళ్ళను, మేకలను, కోళ్ళ గంపలను చేరవేయసాగాడు. నడవలేనివాళ్ళు తప్ప ఇళ్ళలో మనుషులు లేరు. వాడ అంతా నిన్ననే గడ్డ మీది బడిలో చేరిందని, జమేదారు అప్పటి నుంచి ముచ్చట్లు చెబుతూనే ఉన్నాడని పడవవాళ్ళు అన్నారు. ఆ మాట వినగానే చలికి వణుకుతున్న ఒంట్లో కూడా కైలాసానికి పాత మంట తగిలింది.

చివరి గంప దించి తడిసిన బట్టలతో అతడు బడి గుమ్మంలోకి వచ్చి నిలిచాడు. హనుమండ్లు సర్కారు గొడుగు కర్రలాగ ఆనించుకొని, పంతులు బల్ల మీద కూర్చొని ఉన్నాడు. గొంతు బొంగురుపోయింది. దూడ అయిపోయింది, మంట అయిపోయింది, వేరే చెప్పడానికి ఏమీ మిగలలేదు. బాయి ముచ్చటను అతడు ఆనాటి నుంచి నోట పలకలేదట. కాని దేవవ్వ ఊరుకోక, సగంలో ఆగిన పిట్ట ముచ్చట చెప్పుమని పట్టుపట్టింది.

"పిట్ట కండ్లు తెరిచింది" అంటున్నాడు హనుమండ్లు. "నా దిక్కు చూసింది. ముక్కు తెరిచింది."

అప్పుడే అతని చూపు గుమ్మం మీద పడింది. అక్కడ కైలాసం నిలబడి ఉన్నాడు. హనుమండ్లు పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. రాలేదు.

బయట వాన తెరిపి ఇచ్చి, పలుచని ఎండ పొడిచింది. కథ ఆగేసరికి జనానికి ఇళ్ళు గుర్తుకు వచ్చాయి. ఒకరు లేచారు. గుమ్మి ఏమైందో చూసి వస్తానని దేవవ్వ లేచింది. ఆమె వెనుక ఒక గుంపే లేచింది. ఎగువ నుంచి ఇంకా నీళ్ళు వస్తున్నాయి, ఆగండని గిర్దావరు చేతులు చాచి అడ్డం నిలిచాడు. ఆయన మాటలు పక్క నుంచి దాటిపోయాయి. కైలాసం ఇప్పుడే అక్కడి నుంచి వచ్చాడు. నీళ్ళు కిటికీలకు వచ్చాయి, వీధి మొగలో సుడి తిరుగుతున్నది. అందులో దిగిన మనిషి తేలడు.

"పోవద్దు. నీళ్ళున్నయి" అన్నాడు.

అది నిజం. ఎవరూ వినలేదు. దేవవ్వ అతణ్ణి పక్కకు జరిపి మెట్టు మీద కాలు పెట్టింది.

"పిట్ట మాట్లాడింది" అన్నాడు కైలాసం.

దేవవ్వ కాలు ఆగింది. "ఏమన్నది?"

ఏమన్నదో అతనికి తెలియదు. చేతిరుమాలులో చల్లబడ్డ ఆ చిన్న ఒళ్ళు తప్ప ఇంకేమీ గుర్తు రావడం లేదు. అందరూ తన వైపే చూస్తున్నారు.

"గప్పుడేమైందో ఎరికేనా?" అన్నాడు. ఆ మాట ఎందుకు పుట్టిందో అనేటప్పుడు గాని అతనికి బోధపడలేదు. తరువాత ఏమైందో తనకూ తెలియని మనిషి ఊపిరి తీసుకోవడానికి దాన్ని వాడుకొంటాడు. "నా పేరు అడిగింది. ఇంటిపేరు అడిగింది. ఎవలి అల్లునివి అన్నది. ధర్మపురి అల్లుణ్ణి అంటె, అయితె గా కింది వాడ దేవవ్వకు ఒక మాట చెప్పు అన్నది. నీళ్ళు దిగేదాక గుమ్మి దిక్కు పోవద్దని చెప్పు అన్నది."

"నా పేరు దానికెట్ల ఎరుక?" అంది దేవవ్వ.

"నేను గూడ గదే అడిగిన. కోడిని ఒళ్ళె పెట్టుకొని కూసున్న ముచ్చట పిట్టలన్నిట్ల తెలిసిపోయిందట."

ఎవరో ఫక్కున నవ్వారు. దేవవ్వ మెట్టు మీది కాలు వెనక్కి తీసుకొని, ఇంకేమన్నదంటూ గుమ్మంలోనే చతికిలబడింది. ఆమె వెనుకవాళ్ళు కూర్చున్నారు. కైలాసం నిలబడ్డచోటనే చెప్పుకొంటూ పోయాడు. పిట్ట అతని భుజం మీదికి ఎక్కి, ఎడమకు తిరుగు, కుడికి తిరుగు అంటూ దారి చూపిందన్నాడు. మేనేజరు దానికి సలాము కొట్టాడన్నాడు. శ్రావణానికి పుట్టింటికి వచ్చి, మూలన ఆడవాళ్ళ మధ్య కూర్చున్న రాజవ్వ కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకోవడం అతడు చూశాడు. చూసి, ఆ పిట్టకు బాయిలో ప్రమోషను కూడా ఇప్పించాడు.

పంతులు బల్ల మీది నుంచి దగ్గు వినబడింది. హనుమండ్లు లేచి నిలుచున్నాడు. పోయిన గొంతు తిరిగి వచ్చింది.

"తమ్మీ" అన్నాడు, ప్రతి మాటనూ విడివిడిగా పలుకుతూ. "గా పొగల నువ్వు పిట్టతోని మాట్లాడినవు గదా. నోట్లె గొట్టం ఏడ పెట్టినవు?"

బడి మొత్తం అటూ ఇటూ చూసింది. గిర్దావరు కళ్ళు మూసుకొన్నాడు.

"పిట్టకు పెట్టిన అన్నా" అన్నాడు కైలాసం. "లేకుంటె అది ఎట్ల బతుకుతది?"

నవ్వుకు బడి రేకులు అదిరాయి. ఎవరూ కదలలేదు. హనుమండ్లు ఏదో అనబోయి, నోరు మూసుకొని, నెమ్మదిగా బల్ల మీద కూర్చున్నాడు. ఆ జవాబు భూమన్న హోటలులో ఆనాడు తనకెందుకు తోచలేదన్న మంట అతని ముఖమంతా పరుచుకొన్నది. కైలాసం ఆ ముఖాన్ని చూడగానే గుర్తుపట్టాడు. అంతకాలమూ దానిని మోసినవాడు తానే.